తెలుగు గ్రామఫోను నాటక రికార్డులు

తెలుగు గ్రామఫోను నాటక రికార్డులు అనగా తెలుగు పద్యనాటకాలలోని పద్యాలను, పాటలను, సంభాషణలను 20వ శతాబ్దపు తొలి, మధ్య దశాబ్దాలలో లక్క పళ్ళాలపై ముద్రించి విక్రయించిన ధ్వనిముద్రణలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఈ పళ్ళాలను కోస్తా జిల్లాలలో జనం "గ్రామఫోను ప్లేట్లు" అనీ, "రికార్డులు" అనీ పిలిచేవారు. వీటిలో కొన్ని పేరుపొందిన రంగస్థల నటులు పాడిన విడి పద్యాలు. మరికొన్ని ఒక నాటకం మొత్తాన్ని కుదించి నాలుగైదు లేదా అంతకు మించిన పళ్ళాల వరుసగా విడుదల చేసిన "నాటకం సెట్లు". ఈ సెట్లలో పాల్గొన్న బృందాలు చాలావరకు రికార్డింగు కోసమే సమకూడినవి. రికార్డింగు పూర్తికాగానే ఎవరి సమాజానికి వారు వెళ్ళిపోయేవారు. అందువలన ఆ బృందాల ఉనికికి మిగిలిన ఆధారం ఆ పళ్ళాలే. నేడు ఇవి అరుదైన సేకరణ వస్తువులు.

బెజవాడ (విజయవాడ), బందరు (మచిలీపట్నం), మైలవరం, గుడివాడ ప్రాంతాలతో కూడిన కృష్ణా మండలం ఈ రికార్డులకు పద్యాలనూ, గాయకులనూ, శ్రోతలనూ సమకూర్చింది.

నేపథ్యం

శబ్దాన్ని ముద్రించి తిరిగి వినిపించే ఫోనోగ్రాఫును 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ కనుగొన్నాడు. అది గొట్టం ఆకారంలోని స్తూపంపై ముద్రించేది. దానికి బదులుగా చదునైన పళ్ళెంపై ముద్రించే గ్రామఫోనును 1887లో ఎమిలీ బెర్లినర్ రూపొందించాడు. ఒక మాతృక నుండి వేల ప్రతులు అచ్చువేయగల సౌలభ్యం పళ్ళేనికి ఉండటంతో అది వ్యాపారవస్తువైంది. 1898లో లండనులో గ్రామఫోన్ కంపెనీ ఏర్పడింది. ఆ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా చేరి నవంబరులో భారతీయ గాయకుల పాటలను ముద్రించాడు. వారిలో గౌహర్ జాన్ ముఖ్యురాలు. మొదట్లో మాతృకలను జర్మనీలోని హానోవరుకు పంపి అచ్చువేయించేవారు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం ఏర్పడింది. 1928లో డమ్‌డమ్‌లో పెద్ద కర్మాగారం వచ్చింది.

గైస్‌బర్గ్ తరువాత వచ్చిన నిపుణులు మద్రాసు రాష్ట్రంలో కూడా ముద్రణలు చేశారు. దక్షిణాది భాషలకు రికార్డింగు క్రమంగా మద్రాసులో కేంద్రీకృతమైంది. బెజవాడ, బందరు, తెనాలి, రాజమండ్రి నటులు రికార్డు ఇవ్వాలంటే రైలెక్కి మద్రాసు వెళ్ళవలసి వచ్చేది.

పద్యనాటకం - కృష్ణా మండలం

గ్రామఫోను తెలుగునాట వ్యాపించే నాటికి పద్యనాటకం మంచి ఊపులో ఉంది. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1919), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870-1950) రచించిన పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన సత్యహరిశ్చంద్ర, చిలకమర్తి లక్ష్మీనరసింహం రచించిన గయోపాఖ్యానం, ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారం, కాళ్ళకూరి నారాయణరావు రచించిన చింతామణి ఊరూరా ఆడబడుతుండేవి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశాడు. ఆయన శిష్యులు అనేకులు కవులైనారు.

మైలవరం జమీందారుల పోషణలో నడిచిన మైలవరం నాటక సమాజం ఈ మండలంలో ప్రధానమైనది. ఎడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి, స్త్రీపాత్రధారి ఉప్పులూరి సంజీవరావు, తుంగల చలపతిరావు, దైతా గోపాలం వంటి నటగాయకులు ఈ సమాజంతో సంబంధం కలవారు. బెజవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో నిర్మించిన మారుతీ సినిమా ఆంధ్రదేశంలోని తొలి శాశ్వత సినిమా హాళ్ళలో ఒకటి. గవర్నర్‌పేటలోని దుర్గాకళామందిరం నాటక ప్రదర్శనలకు వేదికగా ఉండి, తరువాత సినిమా హాలుగా ప్రసిద్ధి చెందింది. ఈ విధంగా నాటకం, సినిమా, గ్రామఫోను మూడూ ఒకే శ్రోతల కోసం ఒకే పట్టణంలో పోటీపడ్డాయి.

రికార్డింగు పద్ధతి

1925 వరకు ధ్వనిముద్రణలో విద్యుత్తు వాడుక లేదు. గాయకుడు పెద్ద బాకా ముందు నిలబడి గట్టిగా పాడవలసి వచ్చేది. ఆ శబ్దానికి బాకా చివరనున్న పలుచని పొర కంపించి, దానికి అమర్చిన సూది మైనపు పళ్ళెంపై గాడిని గీసేది. హార్మోనియం, తబలా వాయించేవారిని శబ్దాన్ని బట్టి బాకాకు దగ్గరగానో దూరంగానో కూర్చోబెట్టేవారు. తప్పు దొర్లితే దిద్దుకునే వీలు లేదు. ఆ పళ్ళేన్ని పక్కన పెట్టి మొదటినుండి పాడవలసిందే.

మైకులు లేని రంగస్థలంపై వేలాదిమందికి వినబడేలా పాడటం అలవాటైన నాటక గాయకులకు ఈ పద్ధతి అనుకూలించింది. 1925 తరువాత మైక్రోఫోను ద్వారా ముద్రించే విద్యుత్ పద్ధతి వచ్చింది. సన్నని గొంతులు, మంద్రస్థాయి స్వరాలు, సంభాషణలలోని ఎత్తుపల్లాలు కూడా రికార్డులో పట్టుబడసాగాయి. నాటకం సెట్లు ప్రజాదరణ పొందింది ఈ విద్యుత్ ముద్రణ కాలంలోనే. లలిత సంగీతం కూడా ఈ మార్పు వలననే రికార్డులపై నిలదొక్కుకుంది.

మూడు నిమిషాల హద్దు

పది అంగుళాల పళ్ళెంపై ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలు మాత్రమే పట్టేది. ఈ హద్దు పద్యం పాడే తీరును మార్చివేసింది. రంగస్థలంపై ఒక సీసపద్యాన్ని దీర్ఘమైన రాగాలాపనతో, "వన్స్‌మోర్"లతో పది నిమిషాలు సాగదీయడం పరిపాటి. రికార్డులో ఆ అవకాశం లేదు. ఆలాపనను ఎత్తుగడకూ ముగింపుకూ పరిమితం చేసి, పద్యాన్ని స్ఫుటంగా చదివి, మిగిలిన కాలంలో మరో పద్యాన్ని ఇమిడ్చేవారు.

దీనివలన రెండు ఫలితాలు కలిగాయి. మొదటిది, రికార్డులో విన్న వరసే ఆ పద్యానికి స్థిరమైన వరసగా గ్రామాలలో పాతుకుపోయింది. ఏ గురువు వద్దా చేరని ఔత్సాహిక నటులు గ్రామఫోను పెట్టె ముందు కూర్చొని పద్యాలు నేర్చుకున్నారు. రెండవది, ఒక్కో నటుడు ఒక్కో రాత్రి ఒక్కో విధంగా పాడే మనోధర్మం క్రమంగా వెనుకబడింది. రికార్డు పద్యాన్ని దూరప్రాంతాలకు చేర్చింది, అదే సమయంలో దాని వైవిధ్యాన్ని కొంత తగ్గించింది.

నాటకం సెట్లు

ఒక నాటకాన్ని ఆరు పళ్ళాలలో ఇమిడిస్తే పన్నెండు వైపులకు సుమారు ముప్పై ఆరు నిమిషాలు వస్తుంది. రాత్రంతా ఆడే నాటకాన్ని అంతలోకి కుదించడానికి కథలోని కీలక ఘట్టాలను, పేరుపొందిన పద్యాలను మాత్రమే ఏరి, వాటి మధ్య పొట్టి సంభాషణలను చేర్చేవారు. ప్రతి వైపు ఒక చిన్న రంగంగా ముగియాలి. ఎందుకంటే ఆ తరువాత వినేవారు లేచి పళ్ళేన్ని తిప్పి, ముల్లు మార్చి, కీ ఇచ్చి మళ్ళీ వేయవలసి ఉంటుంది. పళ్ళెం ముఖంపై నాటకం పేరుతో పాటు భాగం సంఖ్య ముద్రించేవారు.

సెట్టు కోసం వేర్వేరు సమాజాలకు చెందిన నటులను ఒకచోట చేర్చడం సాధారణం. రంగస్థలంపై ఎన్నడూ కలిసి ఆడనివారు రికార్డులో కృష్ణార్జునులుగా వినిపించవచ్చు. పళ్ళెంపై ప్రధాన గాయకుల పేర్లు ఉండేవి. మిగిలినవారు "బృందం" అనే మాటలో కలిసిపోయేవారు. హార్మోనియం, వయొలిన్, తబలా వాయించినవారి పేర్లు చాలా రికార్డులలో అసలే కనిపించవు. ఈ కారణంగా తెలుగు నాటక సంగీతానికి వెన్నెముకగా నిలిచిన హార్మోనిస్టులలో అనేకుల వాదన మిగిలింది గానీ వారెవరో తెలిపే ఆధారం మిగలలేదు.

కంపెనీలు

* హిజ్ మాస్టర్స్ వాయిస్: గ్రామఫోన్ కంపెనీ వారి ముద్ర. బాకా ముందు కూర్చొని వింటున్న నిప్పర్ అనే కుక్క బొమ్మ దీని గుర్తు. ఫ్రాన్సిస్ బరాడ్ వేసిన చిత్రం దీనికి మూలం. తెలుగువారు వీటిని "కుక్కబొమ్మ రికార్డులు" అనేవారు.
* కొలంబియా: 1931లో గ్రామఫోన్ కంపెనీ, కొలంబియా కలిసి ఇ.ఎం.ఐ. సంస్థగా ఏర్పడ్డాయి. ముద్రలు మాత్రం వేరువేరుగానే కొనసాగాయి.
* ఓడియన్: జర్మను మూలాలు గల ముద్ర. భారతదేశంలో వీరి రికార్డులు 1912-16 మధ్య, తిరిగి 1932-38 మధ్య రెండు దశలలో వెలువడ్డాయి. మద్రాసులోని సరస్వతీ స్టోర్సు వీటి వ్యాపారంలో ముఖ్యపాత్ర వహించింది. తరువాతి కాలంలో ఎ.వి.ఎం. స్టూడియో అధిపతిగా ప్రసిద్ధుడైన ఎ.వి. మెయ్యప్పన్ ఈ స్టోర్సు భాగస్వామి.
* హచిన్స్: మద్రాసు కేంద్రంగా 1930లలో దక్షిణాది భాషల రికార్డులు విడుదల చేసిన సంస్థ. బాలుడిగా ఉన్న సాలూరు రాజేశ్వరరావు గాత్రాన్ని రికార్డు చేసింది.

ముఖ్య గాయకులు

* కపిలవాయి రామనాథశాస్త్రి: మైలవరం సమాజంలో పేరు తెచ్చుకున్న నటగాయకుడు. గ్రామఫోను ద్వారా ఆయన గాత్రం నాటకశాలకు ఎన్నడూ రాని కుటుంబాలకు కూడా చేరింది.
* ఎడవల్లి సూర్యనారాయణ: రంగస్థలంపై నాయక పాత్రధారి. తొలి తెలుగు టాకీలలో ఒకటైన శకుంతల (1932)లో సురభి కమలాబాయి సరసన నటించాడు.
* చిలకలపూడి సీతారామాంజనేయులు (సి.ఎస్.ఆర్.): శ్రీకృష్ణ పాత్రకు పేరుపొందిన నటుడు. తరువాత చలనచిత్రాలలో స్థిరపడ్డాడు. మాయాబజార్ (1957)లో శకుని పాత్ర ధరించాడు.
* పులిపాటి వెంకటేశ్వర్లు, పువ్వుల రామతిలకం: చింతామణి నాటకంతో ప్రసిద్ధులు. 1933లో వచ్చిన చింతామణి చలనచిత్రంలో కూడా నటించారు.

గాయనులు

తెలుగు రంగస్థలంపై చాలాకాలం స్త్రీపాత్రలను పురుషులే ధరించారు. ఈ సంప్రదాయంలో బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902-1971) అగ్రగణ్యుడు. ఆయనకు 1956లో పద్మశ్రీ పురస్కారం లభించింది. గ్రామఫోను రంగంలో మాత్రం మొదటినుండీ స్త్రీలు ఉన్నారు. కళావంతుల కుటుంబాలకు చెందిన గాయనులు పదాలు, జావళీలు, కీర్తనలు రికార్డులకిచ్చారు. క్షేత్రయ్య స్వగ్రామంగా చెప్పబడే మొవ్వ, నృత్యానికి పేరుపొందిన కూచిపూడి రెండూ కృష్ణా మండలంలోనివే కావడం వలన పదాలకు ఇక్కడ రసజ్ఞులైన శ్రోతలుండేవారు.

ఆ కాలంలోనే మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థకు వ్యతిరేకంగా ఉద్యమం సాగి, 1947లో నిషేధ చట్టం వచ్చింది. సాంఘిక సంస్కరణగా ఇది అవసరమైన చర్య. అయితే ఆ కుటుంబాల స్త్రీలలో అనేకులు తమ గానకళను చెప్పుకోవడానికే వెనుకాడే పరిస్థితి ఏర్పడింది. వారి జీవితచరిత్రలు రాయబడలేదు. పళ్ళెంపై ముద్రించిన ఊరి పేరు, వ్యక్తి పేరు, మూడు నిమిషాల గాత్రం మాత్రమే వారిలో కొందరి గురించి మనకు దక్కిన సమాచారం. ఈ కారణంగా ఇటువంటి ఒక్కొక్క రికార్డు నష్టపోవడమంటే ఒక కళాకారిణి చరిత్ర పూర్తిగా చెరిగిపోవడమే.

తరువాతి కాలంలో రావు బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి (1925-2005) గ్రామఫోను ద్వారా గాయనులుగా ప్రఖ్యాతి పొందారు. శంకరంబాడి సుందరాచారి రచించిన తెలుగుతల్లి గీతం సూర్యకుమారి పాడిన రికార్డు వలననే ఆంధ్రదేశమంతటా వ్యాపించింది.

టాకీలు, రేడియో రాక

1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలైంది. తొలి టాకీలలో రంగస్థల నటులే నటించి, తమ పద్యాలను తామే పాడుకున్నారు. నేపథ్యగానం స్థిరపడిన తరువాత సినిమా పాటల రికార్డులు నాటక రికార్డులను వెనక్కి నెట్టాయి.

మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివారు ఈ కేంద్రంలో పనిచేశారు. రేడియో నాటకానికి పళ్ళెం తిప్పవలసిన పని లేదు, మూడు నిమిషాల హద్దు లేదు. గంట నిడివి నాటకం ఇంటికే వస్తున్నప్పుడు సెట్టు కొనవలసిన అవసరం తగ్గిపోయింది.

పద్యం మాత్రం రికార్డును విడిచిపోలేదు. గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు (1922-1974), కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912-1992) రచించిన పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలను ప్రైవేటు రికార్డులుగా పాడాడు. రంగస్థలపు దీర్ఘాలాపన లేకుండా, మాట స్పష్టంగా, భావం ప్రధానంగా సాగే ఈ పద్ధతి గ్రామఫోను హద్దుల మధ్య పుట్టిన పద్యగానానికి పరిణతరూపం. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు కూడా 1977లో దానవీరశూరకర్ణ చిత్రం ద్వారా మరో తరానికి చేరాయి.

ఇతర దేశాలలో పోలికలు

స్టూడియోలోనే పుట్టి, రికార్డుపై పేరుగా మాత్రమే మిగిలిన బృందాలు ఇతర దేశాలలోనూ ఉన్నాయి. 1970 ప్రాంతంలో ఇటలీలో కొందరు స్వరకర్తలు స్టూడియో వాద్యకారులను సమకూర్చి, కల్పిత బృందాల పేర్లతో సైకెడెలిక్ సంగీత రికార్డులు విడుదల చేశారు. 1971లో వెలువడిన "డిస్టార్షన్స్" అనే రికార్డుపై బృందం పేరు "బ్లూ ఫాంటమ్" అనీ, స్వరకర్త పేరు "హెచ్. టికల్" అనీ ఉంటుంది. ఆ స్వరకర్త అసలు పేరు ఆర్మాండో షాషా. వాద్యకారుల పేర్లు రికార్డుపై లేకపోవడం వలన వారెవరన్నది సేకర్తలకు చర్చనీయాంశమైంది. తెలుగు నాటకం సెట్లతో దీనికి ఒక భేదం ఉంది. ఇటలీ రికార్డులలో మారుపేర్లు కావాలని పెట్టినవి. తెలుగు రికార్డులలో పేర్లు కేవలం వదిలివేయబడినవి.

అరుదు కావడానికి కారణాలు

78 చుట్ల రికార్డులు లక్క, రాతిపొడి, మసి, నూలుపీచు మిశ్రమంతో తయారవుతాయి. చేయిజారితే పగిలిపోతాయి. ఎండ తగిలితే వంగిపోతాయి. ఉక్కు ముల్లు ప్రతిసారీ గాడిని కొంత అరగదీస్తుంది. ముల్లు మార్చకుండా పదేపదే వేసిన రికార్డులో గరగర తప్ప పాట మిగలదు. పెళ్ళిళ్ళలోనూ, ఉత్సవాలలోనూ మైకుసెట్టువారు వాడిన రికార్డుల గతి ఇదే. అందువలన ఎక్కువ ఆదరణ పొందిన పద్యాల రికార్డులే నేడు మంచి స్థితిలో దొరకడం కష్టం. సెట్లకు మరో ఇబ్బంది ఉంది. ఒక్క పళ్ళెం పగిలినా నాటకం అసంపూర్ణమవుతుంది.

1948లో అమెరికాలో వచ్చిన లాంగ్ ప్లే రికార్డు క్రమంగా భారతదేశానికీ చేరింది. ఇక్కడ 78 చుట్ల రికార్డుల తయారీ 1960లలో కూడా కొనసాగి, ఆ తరువాత ఆగిపోయింది. 1980లలో క్యాసెట్లు వ్యాపించిన తరువాత గ్రామఫోను పెట్టెలు మూలపడ్డాయి, పళ్ళాలు పాత సామాను కొట్లకు చేరాయి.

గుర్తించడం, భద్రపరచడం

పాత రికార్డును గుర్తించడానికి ముఖంపై ఉన్న వివరాలతో పాటు, ముఖపు కాగితానికీ గాడికీ మధ్య లక్కపై చెక్కిన మాతృక సంఖ్య ఉపకరిస్తుంది. వరుస సంఖ్యలను పోల్చి ఒకే సమయంలో ముద్రించిన రికార్డులను కనుగొనవచ్చు. తొలి రికార్డులలో కొందరు గాయకులు పాట చివర తమ పేరు తామే చెప్పేవారు. పరదేశంలో అచ్చువేసే పనివారు ఏ పళ్ళెం ఎవరిదో తెలుసుకోవడానికి అది ఆధారం.

భద్రపరచడంలో పాటించవలసిన ముఖ్య విషయాలు:

* పళ్ళాలను ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచాలి.
* స్పిరిట్‌తో తుడవరాదు. అందులో లక్క కరుగుతుంది.
* లాంగ్ ప్లే రికార్డుల ముల్లుతో వీటిని వేయరాదు. 78 చుట్ల రికార్డు గాడి దానికంటే వెడల్పు.
* తొలినాటి రికార్డులన్నీ కచ్చితంగా 78 చుట్ల వేగంతో ముద్రించినవి కావు. వేగం తప్పితే గాయకుని శ్రుతి మారిపోతుంది. డిజిటల్ ప్రతి తీసేటప్పుడు శ్రుతిని సరిచూసుకోవాలి.
* ముఖం రెండువైపులా ఫొటో తీసి ధ్వనితోపాటు దాచాలి. పేర్లు లేని ధ్వని సగం సమాచారమే.

భారతదేశంలో పాత రికార్డుల సేకర్తల సంఘం 1990లో ముంబైలో ఏర్పడింది. బ్రిటిష్ లైబ్రరీ వారి అంతరించిపోతున్న దస్త్రాల కార్యక్రమం కింద ఓడియన్ రికార్డుల డిజిటలీకరణ జరిగింది. తెలుగు రికార్డుల విషయంలో వి.ఎ.కె. రంగారావు సేకరణ సుప్రసిద్ధం. 1998లో ప్రారంభమైన "ఈమాట" పత్రికలో పరుచూరి శ్రీనివాస్ అనేక పాత తెలుగు ధ్వనిముద్రణలను వివరాలతో సహా అందించాడు.

భారత కాపీహక్కు చట్టం (1957) ప్రకారం ధ్వనిముద్రణలపై హక్కు, విడుదలైన తరువాతి సంవత్సరం నుండి లెక్కించి 60 సంవత్సరాలు ఉంటుంది. ఈ లెక్కన 1930, 1940 దశకాలలో విడుదలైన నాటక రికార్డుల ధ్వనిముద్రణ హక్కు గడువు ముగిసింది. అయితే సాహిత్యంపై హక్కు వేరుగా ఉంటుంది. అది రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు కొనసాగుతుంది. కనుక వీటిని ప్రజలకు అందించడంలో చట్టపరమైన అడ్డంకి చాలావరకు తొలగినట్లే. పళ్ళాలు పగలకముందే, ఇళ్ళలో వాటిని విన్న పెద్దలు ఉండగానే, ప్రతులు తీసి పేర్లు నమోదు చేయడం మిగిలిన పని.